గోడకి కూడా గాలాడాలి

ఇత్తడి సామాను చింతపండుతో తోమితే తళతళలాడుతుంది గానీ రెండు రోజులకే మళ్ళీ నల్లబడిపోతోంది, ఏం చెయ్యమంటారు అని ఇద్దరు ముగ్గురు చెల్లెళ్ళు అడిగారు. ఈ వారం దానికి జవాబు చెబుదామని కూర్చున్నాను. అయితే మిమ్మల్ని ముందు మా గుడికి తీసుకెళ్ళక తప్పదు. ఎందుకంటారా? ఇత్తడి తోమడం నేను మా అమ్మ దగ్గర కాదు, గుడిలో నేర్చుకున్నాను.

మా కృష్ణా జిల్లా వైపు చర్చిని గుడి అనే అంటాం లెండి. మాది నూటయాభై ఏళ్ళు దాటిన గుడి. ఆంగ్లికన్ వాళ్ళు, అంటే ఇంగ్లండు దేశపు సంఘం వాళ్ళు కట్టింది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు దొరలు బందరులో దిగి తెలుగువాళ్ళ మధ్య మిషను పని మొదలెట్టారు. బందరులోని నోబుల్ కాలేజీ పేరు మీరు వినే ఉంటారు, ఆ నోబుల్ గారే. ఆ మిషను పెరిగి ఊళ్ళమీదికి వచ్చినప్పుడు లేచిన గుళ్ళలో మాదీ ఒకటి. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్‌లూ, మెథడిస్టులూ, మరికొందరూ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. మేం సి.ఎస్.ఐ. అంటామే, అదన్నమాట. పేరు మారింది గానీ పాత ఆంగ్లికన్ గుళ్ళలో పద్ధతులు చాలావరకు అలాగే ఉన్నాయి. పుస్తకం చూసి చదివే ప్రార్థనలు, కాలానికో రంగు గుడ్డ, గంట, ఆదివారానికి ముందు శనివారం శుభ్రం.

ఆ శనివారమే మా ఆడవాళ్ళది. స్త్రీల మైత్రిలో మేం పధ్నాలుగు మందిమి. వారానికి ఇద్దరం చొప్పున వంతులు వేసుకుంటాం. అన్నాలు తిని, గిన్నెలు కడిగేసి, రెండు గంటలకి తాళంచెవి తీసుకుని వెళ్తాం. ఒకరు చీపురు, ఒకరు గుడ్డ. నేను కొత్తకోడలిగా వెళ్ళిన మొదటి శనివారం, పీఠం మీది ఇత్తడి సిలువని చింతపండూ ఉప్పూ పులిమి ఎండలో పెట్టి, కబుర్లలో పడ్డాను. గంట తరవాత చూస్తే మచ్చలు మచ్చలుగా పచ్చబడింది. అప్పటి అయ్యగారి భార్య, మా అందరికీ అమ్మగారే, నన్ను కసురుకోలేదు. పక్కన కూచోబెట్టుకుని చెప్పింది. పులుపు రెండు నిమిషాలకి మించి ఉంచకూడదు. రెండుసార్లు మంచినీళ్ళతో కడిగాక, ఆఖర్న ఒకసారి సబ్బునీళ్ళతో కడిగితే మిగిలిన పులుపు విరుగుతుంది. ఆ తరవాత తడి చుక్క లేకుండా తుడవాలి, సందుల్లో కూడా. గుడ్డకి ఒక్క చుక్క కొబ్బరినూనె అద్ది పైపైన రాసి, మళ్ళీ పొడిగుడ్డతో లాగెయ్యాలి. ఇలా చేస్తే వారం పదిరోజులు నిలుస్తుంది. చెల్లెళ్ళూ, మీ దీపపుకుందులకీ ఇదే చెయ్యండి.

కానీ ఆ మిగిలిన చింతపండు గుజ్జుతో నేను చేసిన ఘనకార్యం మాత్రం ఎవరూ చెయ్యకండి. గోడకి ఒక పాలరాతి పలక ఉంది. ఇరవై నాలుగేళ్ళకే కానుపులో పోయిన ఒక దొరసాని జ్ఞాపకార్థం పెట్టింది. మసిపట్టినట్టుందని దాన్ని కూడా శుభ్రంగా తోమాను. పాలరాయికి పులుపు తగిలితే మురికితోపాటు రాయి కూడా కరుగుతుందని నాకేం తెలుసు? నిగనిగలాడే పలక ఆ మూల గరుకుతేలి సుద్దముక్కలా అయిపోయింది. ఇప్పటికీ దాని ముందునుంచి వెళ్తే నాకు చూపు కిందికి దిగిపోతుంది. పాలరాతికి మంచినీళ్ళూ, మెత్తటి గుడ్డా, అంతే. మీ వంటింటి గట్టు పాలరాయి అయితే నిమ్మచెక్క దాని మీద బోర్లించకండి.

గుడ్డల సంగతి కూడా చెప్పేస్తాను. సంస్కారం రోజు తెల్లగుడ్డ మీద ద్రాక్షరసం ఒలకడం మామూలే. ఒలకగానే సబ్బు రాశారో, ఎర్రమచ్చ నీలంగా తిరిగి కూచుంటుంది. ముందు చల్లటి నీళ్ళ ధార కింద పెట్టి మచ్చంతా వదిలాకే సబ్బు. కొవ్వొత్తి మైనం పడితే గోటితో గీకకండి. గట్టిపడ్డాక పెద్దపెద్ద ముక్కలు తీసేసి, కిందా పైనా అచ్చు లేని కాగితం పెట్టి ఇస్త్రీ పెట్టె నడిపితే మైనం కాగితానికి ఎక్కుతుంది. ఇంకొకటి. గంజి పెట్టిన గుడ్డ నెలల తరబడి బీరువాలో దాచకండి, వెండిపురుగు గంజి కోసం వచ్చి గుడ్డ కూడా తినేస్తుంది. మాకు క్రిస్మసుకీ ఈస్టరుకీ తెల్లరంగు, పెంతెకొస్తుకి ఎరుపు, శ్రమకాలానికి ఊదా, మిగతా రోజులకి ఆకుపచ్చ. ఊదాగుడ్డ ఏడాదిలో ఎక్కువకాలం మడతలోనే ఉంటుంది కదా, అదే మాకు రెండుసార్లు పోయింది. ఇప్పుడు గంజి తీసేసి, మడత పెట్టకుండా పాత చీరముక్కలో చాపలా చుట్టి పెడుతున్నాం.

ఇవన్నీ మా చేతిలో పనులు. గోడ మాత్రం మా చేతిలో లేదనుకునేవాళ్ళం.

మా గుడి గోడలు రెండడుగుల మందం. ఇటుకా, గానుగ సున్నమూ. మండువేసవిలో కూడా లోపలికి అడుగు పెడితే ఒళ్ళు చల్లబడుతుంది. 2013లో, హైదరాబాదులో స్థిరపడ్డ మా ఊరి ఆయనొకరు, పుట్టిన ఊరి గుడి కళకళలాడాలని, మంచి మనసుతోనే, బయటా లోపలా పాత సున్నపు పూత గీకించేసి సిమెంటు ప్లాస్టరింగు చేయించి, పైన ఖరీదైన రంగు వేయించారు. ఆ క్రిస్మసుకి మా గుడి పెళ్ళికూతురే అనుకోండి. ఫోటోలు దిగనివాళ్ళు లేరు. మేమూ చప్పట్లు కొట్టాం. నేను అబద్ధమెందుకు చెప్పాలి?

రెండు వానాకాలాలు గడిచాయి. గోడ అడుగున నడుమెత్తు దాకా చెమ్మ ఎక్కింది. రంగు బుడగలు తేలింది. గోడ మీద తెల్లగా ఉప్పు పూసింది. 2016 వానల్లో పెచ్చులు ఊడి పడటం మొదలెట్టాయి. ఒక శనివారం నేను బూజు దులుపుతుంటే, ఉత్తరపు గోడలోకి దూరిన టేకు దూలం కొన చీపురుకర్ర తగలగానే తడిసిన బిస్కట్టులా పొడిగా రాలింది. నూటయాభై ఏళ్ళు చెక్కుచెదరని దూలం మూడేళ్ళలో ఇలా ఎందుకయిందో మాకు అర్థం కాలేదు.

అర్థమయ్యేలా చెప్పింది ఒక ముసలి తాపీ మేస్త్రి. ఆయన సాయిబు, మసీదుల్లో పాత సున్నం పనులు చేసిన మనిషి. గోడకి చెయ్యి ఆనించి, “అమ్మా, దీనికి ఊపిరాడటం లేదు” అన్నాడు. నేల తడి ఎలాగూ గోడలోకి ఎక్కుతుందట, పాత ఇళ్ళకి పునాదిలో అడ్డు ఉండదు కదా. సున్నపు పూత అయితే ఆ తడి బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. తడి అక్కడే నిలవ ఉండి పైకి ఎక్కి, దూలం కొనల్ని కుళ్ళబెడుతుంది. సముద్రపు గాలి తగిలే మాలాంటి చోట ఉప్పు కూడా కలిసి, ఆరినప్పుడల్లా గట్టిపడి పూతని లోపల్నుంచి తన్నేస్తుంది. అన్నం గిన్నె మీద మూత బిగిస్తే ఆవిరి చెమర్చి అన్నం పాచిపోతుందే, సరిగ్గా అదే నా కళ్ళముందు కనిపించింది. మీ ఊళ్ళో తాతలనాటి మండువా ఇల్లుంటే, దానికి సిమెంటు పూయించే ముందు ఈ మాట ఒకసారి గుర్తు చేసుకోండి.

2017లో సంఘం కూడింది. పెద్దల్లో చాలామంది మాట ఒకటే. పాతది పడగొట్టేద్దాం, స్లాబుతో రెండంతస్తులు లేపుదాం, అరవై లక్షలవుతుంది, చందాలు వేసుకుందాం అని. నాకు మనసులో మనసు లేదు. లేచి ఏదో చెప్పబోయాను. ఇంతలో మా పక్కవీధి అమ్మాయి, చంటిబిడ్డ తల్లి, నిలబడింది. “అత్తయ్యా, మీరు పెళ్ళయింది ఇక్కడ, మీ అత్తగారి సమాధి ఇక్కడ, మీకు ప్రేమ ఉంటుంది. ఆ పెచ్చు నా బిడ్డ తల మీద పడితే ఏం చెప్తారు? ముసలాళ్ళు ఆ మెట్లెక్కలేక బయటే కూచుంటున్నారు. ఆడవాళ్ళకి ఒక బాత్‌రూమన్నా లేదు. క్రిస్మసుకి సగంమంది ఎండలో నుంచుంటున్నారు” అంది. నా దగ్గర జవాబు లేదు. కూచున్నాను. ఆ అమ్మాయి చెప్పినవాటిలో ఒక్కటీ కాదనడానికి లేదు.

ఆ ఏడాది జనవరిలోనే మా స్త్రీల మైత్రి వాళ్ళం డోర్నకల్లు వెళ్ళొచ్చాం. ఆ సంగతి ఇక్కడ చెప్పాలి.

డోర్నకల్లు ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉంది, రైలు జంక్షను. అక్కడి కేథడ్రలు చూసి తీరాలి. గుమ్మటాలూ మినార్లూ చూస్తే మసీదులా ఉంటుంది, స్తంభాలు చూస్తే దేవాలయపు మంటపంలా ఉంటాయి, సిలువ చూస్తే చర్చి. కట్టించింది వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. తిరునెల్వేలి వైపు తమిళుడు, మన మధ్యకి వచ్చి తెలుగువాడైపోయాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. 1898లో వాళ్ళ పెళ్ళికి కట్నం పుచ్చుకోలేదు. భార్య అన్బు మరియమ్మాళ్ గారు ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివినావిడ. కేథడ్రలు ఏళ్ళ తరబడి కడుతూ కడుతూ, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. 1945 జనవరి 1న ఆయన పోయారు, సమాధి అక్కడే ఉంది. మన తెలుగు పల్లెల్లో కూలినాలి చేసుకునే పేదల సంఘం అది. అందుకే ఇవ్వడం అనేదాని మీద ఆయన ఒక పుస్తకమే రాశారు. పల్లె సంఘాల్లో ఆడవాళ్ళు పూట పూటకీ బియ్యం ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ కుండ గుడికి వచ్చేది.

మా అమ్మమ్మ ఇంట్లో కూడా ఆ పిడికెడు బియ్యం కుండ ఉండేది. పొయ్యి పక్క, మూతమీద బొగ్గుతో గీసిన సిలువతో. మా అమ్మ రోజుల్లో ప్లాస్టిక్ డబ్బా అయింది. నా కాపురంలో అదీ లేదు. కుక్కరొచ్చాక గ్లాసుతో కొలిచి పోస్తున్నాం కదండీ, గుప్పెటకి పనేముంది?

మీటింగు తరవాత ఆదివారం, పడగొట్టడం సంగతి ఏడాది పక్కన పెట్టమని స్త్రీల మైత్రి తరఫున అడిగాం. ఈలోగా ఉత్తరపు గోడ ఒక్కటి మేం చూసుకుంటాం అన్నాం. మగవాళ్ళు కొందరు నవ్వారు. “బియ్యంతో గోడ కడతారా వదినా?” అన్నాడు ఒకాయన. ముప్ఫై ఒక్క ఇళ్ళు ఒప్పుకున్నాయి. ఇంటికి నెలకి మూడు కిలోలు లెక్క. సన్నం, దొడ్డు, రేషను అన్నీ కలిసిన బియ్యం కనక కిలో 30 రూపాయలకి అమ్మాం. ఏడాదికి 33 వేల చిల్లర. మేస్త్రి చెప్పిన అంచనా లక్షా డెబ్బై వేలు. నవ్వినాయన లెక్క తప్పేం కాదు, చూడండి.

మిగతాది కోతల పండుగలో వచ్చింది. ఇది మీరెప్పుడైనా చూశారా? పంట చేతికొచ్చాక మొదటి ఫలం గుడికి తెస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్ళు, వరికంకుల కుచ్చులు, సున్నుండలు, ఆవకాయ జాడీలు. ఆరాధన అయ్యాక చెట్టుకింద వేలం. వేలం పాడే పెద్దాయన గొంతు మైకు లేకుండానే చెరువుగట్టు దాకా వినిపిస్తుంది. ఒక కోడిగుడ్డు 400కి పోయింది, ఇద్దరు బావామరదుల పంతం మీద. మా వీధి చివర గాజుల కొట్టు ఆయన మా మతం కాదు, ఏటా మొదటి గుమ్మడికాయ ఆయనే పాడతాడు. ఆ ఏడు నేను చేసిన అరిసెలు 2,100 పలికాయి. పాడింది మా ఆయనే, అదీ నా దగ్గర దాచిన డబ్బుతోనే. ఇంటికొచ్చాక ఏం జరిగిందో రాయను.

2018లో పని మొదలైంది. ముందు సిమెంటంతా చెక్కించేసి గోడని ఊరికే వదిలేశాడు మేస్త్రి. మాకు కంగారు, ఆయనకి నింపాది. వేసవంతా ఆరనిచ్చాడు. గుంటలో సున్నం రోజుల తరబడి నానబెట్టాడు. కరక్కాయలు దంచి, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ళు సున్నంలో పోయించాడు. కరక్కాయలు దంచింది మేమే, పచ్చడి బండల మీద. పలచగా ఒక పొర వేస్తాడు, తడిపి తడిపి ఉంచుతాడు, ఆరాక ఇంకో పొర. ఎండ దెబ్బకి బీటలివ్వకుండా తడి గోనెలు కట్టించాడు. పరంజా ఎక్కిన ఆయన మనవడు గోడ పైభాగాన పగులులోంచి జానెడు రావిమొక్క లాగి మా చేతిలో పెట్టాడు. దాని వేరు మొక్కకి నాలుగింతలుంది. ఇప్పుడు శనివారం వంతులో పైకి చూసి రావిమొలక వెతకడం కూడా ఒక పనిగా రాసుకున్నాం. పుచ్చిన దూలం కొన వరకు కోసి కొత్త టేకు అతికించారు. ఆ సంవత్సరమే సిమెంటు బస్తా ఒకటి వాలుమెట్టుకి ఖర్చయింది, చక్రాల కుర్చీ ఎక్కేలా. ఆ చంటిబిడ్డ తల్లే దగ్గరుండి కట్టించింది. సిమెంటుకి తగ్గ పని సిమెంటుదే, నాకు దానిమీద పగేం లేదు.

తరవాతి వానలకి ఉత్తరపు గోడ తడిసింది, ఆరింది. పెచ్చు రాలలేదు.

ఇక పడమటి గోడ. దానికోసం మళ్ళీ డబ్బాలు నింపాం. 2020 మార్చి నాటికి బ్యాంకులో 41 వేలున్నాయి. ఆ నెల 25 నుంచి లాక్‌డౌను. గుడికి తాళం. ఈస్టరు నాడు కూడా గంట కొట్టలేదు, నా ఎరుకలో అలా జరగడం అదే మొదటిసారి. గుడి వెనక సందులో తాపీ కూలీలు, ఇస్త్రీ బండి వాళ్ళు, హోటలు పనివాళ్ళు. పనుల్లేవు. అమ్మగారు మాకు ఫోన్లు చేసి ఒకటే అడిగింది. “గోడ ఆగుతుందా, పిల్లలు ఆగుతారా?” ఎవరం మారుమాట్లాడలేదు. ఆ 41 వేలూ, అప్పటికి అమ్మని బియ్యమూ, కందిపప్పూ నూనే అయిపోయి సందులోకి వెళ్ళాయి. ఎవరి మతం ఏమిటని అడగలేదు. మా మేస్త్రి మనవడి ఇంటికి కూడా ఒక సంచి వెళ్ళింది. తాత ఫోను చేసి, “గోడ డబ్బు తింటున్నాం తల్లీ” అని ఏడ్చాడు.

జూన్‌లో తలుపులు తెరిస్తే లోపల గబ్బిలాల వాసన, బెంచీల మీద వేలెడు దుమ్ము, ఊదాగుడ్డ మీద బూజు. అంతా కడగడానికి మాకు మూడు శనివారాలు పట్టింది. ఉత్తరపు గోడ పొడిగా ఉంది. పడమటి గోడ కింద పెచ్చులు గుట్టలుగా ఉన్నాయి.

ఆ మేస్త్రి ఇప్పుడు లేడు. మనవడు పని చేస్తానంటున్నాడు, కాకపోతే అంచనా రెట్టింపయింది. బియ్యం ఇచ్చే ఇళ్ళు ముప్ఫై ఒకటి కాస్తా పంతొమ్మిది అయ్యాయి. పిల్లలు బెంగుళూరు, హైదరాబాదు వెళ్ళిపోయారు, ఇళ్ళల్లో ఇద్దరేసి మనుషులకి గుప్పెడు తీస్తే ఎంత వస్తుంది చెప్పండి. స్లాబు కట్టాలన్న మాట మళ్ళీ లేచింది, ఈసారి ఒకరిద్దరు ఆడవాళ్ళు కూడా అటువైపే ఉన్నారు. వచ్చే నెల్లో సంఘం కూడుతుంది. పడమటి గోడ దగ్గరి బెంచీలు మాత్రం మేం రెండడుగులు ఇవతలికి జరిపి పెట్టాం, ఎవరి నెత్తిన పెచ్చు పడకుండా.

ఈ శనివారం వంతు నాదీ, ఆ చంటిబిడ్డ తల్లిదీ. బిడ్డకి ఇప్పుడు పలక తుడిచే వయసొచ్చింది. మెత్తటి గుడ్డ చేతికిచ్చాను, చింతపండు డబ్బా పై గూట్లో పెట్టేశాను.